అట్లాంటిస్ వదిలిన ఆఖరి పెట్టె: సైన్యానికి మనుషులున్న నౌకతో ఏం పని?

కక్ష్యాబాటసారి:
అందరికీ నమస్కారం. మనుషులతో వెళ్లి తిరిగొచ్చే నాసా వారి స్పేస్ షటిల్ నౌకల కార్యక్రమం ముగింపు గురించి ఎవరు రాసినా 2011 జూలై 21 తెల్లవారుజామున అట్లాంటిస్ ఫ్లోరిడాలో దిగడంతో కథ పూర్తి చేస్తారు. అంతకు ముందురోజు జరిగిన పని గురించి రెండు వాక్యాలు కూడా ఉండవు. అంతరిక్ష కేంద్రం నుంచి విడివడిన మరునాడు, అంటే జూలై 20న, అట్లాంటిస్ సరకు గది గోడకు బిగించిన చిన్న పెట్టెలోంచి ఒక ఉపగ్రహం బయటికి వచ్చింది. వెడల్పు 5 అంగుళాలు, మందం 5 అంగుళాలు, పొడవు 10 అంగుళాలు. బరువు నాలుగు కిలోల లోపే. పేరు పీఎస్‌ఎస్‌సీ-2. పేరులోని చివరి ముక్కలు సోలార్ సెల్ అనేదానికి పొడి అక్షరాలు.

షటిళ్లు 30 ఏళ్లలో కక్ష్యలో వదిలినవాటిలో అది 180వది, ఆఖరిది. హబుల్‌ను, గెలీలియోను, మెగెల్లాన్‌ను మోసుకెళ్లిన నౌకలు చివరికి వదిలింది అమెరికా రక్షణ శాఖ స్పేస్ టెస్ట్ ప్రోగ్రాం వారి పెట్టె. తయారు చేసింది కాలిఫోర్నియాలోని ఏరోస్పేస్ కార్పొరేషన్. దాన్ని వదిలాక వ్యోమగామి రెక్స్ వాల్‌హైమ్ తాను రాసుకున్న చిన్న పద్యం కూడా చదివాడు: నువ్వు పైనే ఉండు, మేము ఇంటికి వెళ్తున్నాం అనే ధోరణిలో.

నా ప్రశ్న ఒకటే. వైమానిక దళానికి సొంత రాకెట్లు ఉన్నాయి. నాలుగు కిలోల పెట్టెను నలుగురు మనుషులున్న నౌకలో ఎందుకు పంపాలి?

అనుమానాలభైరవుడు:
ప్రశ్న బాగుంది, జవాబు అంతకన్నా సులభం. పౌర నౌక అంటే ఎవరూ అనుమానించరు. సోలార్ సెల్ అని పేరు పెడితే పత్రికలవాళ్లు నాలుగు వాక్యాలు రాసి వదిలేస్తారు. ఆ పెట్టెలో నాలుగు ఘన ఇంధన మోటార్లు ఉన్నాయన్న సంగతి బాటసారి గారు రాయలేదు. సోలార్ సెల్‌కు రాకెట్ ఎందుకండీ?

సౌరలేఖ:
భైరవుడు గారూ, నేను ఉద్యోగరీత్యా సెల్స్ పరీక్షించే పనిలోనే ఉన్నాను, భూమి మీదే అనుకోండి. అందుకని కొంచెం వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

ఉపగ్రహాలకు వాడే సెల్ మన డాబాల మీద కనిపించే సిలికాన్ ఫలకం లాంటిది కాదు. ఒకదాని మీద ఒకటిగా మూడు పొరలు ఉంటాయి. పై పొర నీలి కాంతిని తీసుకుంటుంది, మధ్య పొర ఎరుపు వైపు కాంతిని, అడుగు పొర పరారుణాన్ని. మూడూ వరుసగా కలిసి ఉంటాయి కాబట్టి అన్నిటికన్నా తక్కువ కరెంటు ఇచ్చే పొర మొత్తాన్ని కట్టిపడేస్తుంది. చిక్కు అక్కడే ఉంది. ప్రయోగశాలలో మేము వాడే దీపం సూర్యకాంతికి దగ్గరగా ఉంటుందే తప్ప, వాతావరణం అడ్డు లేని సూర్యకాంతి అవదు. నీలి రంగు పాలు కాస్త అటూ ఇటూ అయినా పై పొర లెక్క మారుతుంది, దానితో సెల్ మొత్తం లెక్క మారుతుంది.

పైన ఇంకా చాలా ఉన్నాయి. గంటన్నరకు ఒక ప్రదక్షిణ, అందులో అరగంటకు పైగా చీకటి. రోజుకు పదిహేనుసార్లకు పైగా కాగడం, గడ్డకట్టడం. అతినీలలోహిత కాంతికి పైన అంటించిన గాజు కింది జిగురు పసుపు తిరుగుతుంది. ఆవేశ కణాలు స్ఫటికాన్ని పొడుస్తూ ఉంటాయి. పీఎస్‌ఎస్‌సీ-2లో పెట్టినవాటిలో తలకిందులుగా పెంచి, తర్వాత కింది మందపు పలకను తీసేసే కొత్త రకం సెల్స్ ఉన్నాయి. అవి పలుచన, తేలిక. ఇలాంటి సెల్‌ను వందల కోట్ల రూపాయల సమాచార ఉపగ్రహానికి బిగించే ముందు, ఎవరైనా ఒక చిన్న పెట్టెకు బిగించి చూస్తారా, చూడరా?

పరీక్ష కూడా చెప్పుకోదగ్గంత నాటకీయం ఏమీ కాదు. పెట్టె సూర్యుడికి ఎదురుగా తిరగాలి. సెల్ మీద విద్యుత్ భారాన్ని సున్నా నుంచి మెల్లగా మారుస్తూ వోల్టేజీ, కరెంటు కొలవాలి. ఆ అంకెలతో ఒక వంపు గీత వస్తుంది. మొదట బల్లపరుపుగా సాగి, మోకాలు లాంటి వంపు దగ్గర ఒక్కసారిగా కిందికి జారుతుంది. వారాలు గడిచేకొద్దీ ఆ మోకాలు ఎంత లోపలికి నడిచిందన్నదే మాకు కావాల్సిన సమాచారం. గూఢచర్యం అనుకుంటే ఇంత విసుగు పుట్టించే గూఢచర్యం మరొకటి ఉండదు.

అనుమానాలభైరవుడు:
మోకాలు సంగతి అర్థమైంది. మోటార్ల సంగతి దాటేశారు.

సౌరలేఖ:
దాటలేదు, ఊపిరి తీసుకుంటున్నాను. షటిల్ వదిలిన ఎత్తులో గాలి ఇంకా కొంత ఉంటుంది. అంత చిన్న పెట్టె కొన్ని నెలల్లో కిందికి వచ్చేస్తుంది. ఈ పెట్టె కూడా 2011 డిసెంబరులోనే వాతావరణంలో కాలిపోయింది. ఇంత చిన్న ఉపగ్రహం ఘన ఇంధనంతో తన కక్ష్యను మార్చుకోగలదా అన్నది అప్పటికి పరీక్షించాల్సిన సంగతే. సెల్స్ ఒక పరీక్ష, మోటార్లు ఇంకొక పరీక్ష. జీపీఎస్ సంకేతాలు అయనావరణం (వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొర) గుండా వచ్చేటప్పుడు ఎలా వంగుతాయో చూసే పరికరం మూడోది. ఒకే పెట్టెలో మూడు పనులు. సైన్యం వారి చిన్న ఉపగ్రహాలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి.

రేడియోరామం:
పెద్దవాడిని, ఆలస్యంగా వచ్చాను. ఒక పాత సంగతి చెబుతాను, హ్యామ్ రేడియో, అంటే సరదాకు సొంత రేడియో కేంద్రం నడిపే పిచ్చి ఉన్నవాళ్లకు నచ్చుతుంది.

2006 డిసెంబరులో డిస్కవరీ నౌక మన సునీతా విలియమ్స్‌ను మొదటిసారి అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లింది. ఆమెను అక్కడ దించి తిరుగు ప్రయాణంలో ఉండగా అదే నౌక వరుసగా చిన్న ఉపగ్రహాలను వదిలింది. అందులో ఒకటి ర్యాఫ్ట్. 5 అంగుళాల ఘనం, అమెరికా నౌకాదళ అకాడమీ విద్యార్థులు కట్టింది. దాని పని చూడండి. అమెరికా దక్షిణ రాష్ట్రాల మీదుగా, జార్జియా నుంచి కాలిఫోర్నియా వరకు, ఆకాశంలోకి నిలువుగా ఒక రేడియో కంచె వేశారు. టెక్సాస్‌లోని కికాపూ సరస్సు దగ్గర దాని ప్రధాన ప్రసార కేంద్రం, పౌనఃపున్యం 217 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో. పైనుంచి ఏ వస్తువు ఆ కంచె దాటినా దాని ప్రతిధ్వని కిందికి వస్తుంది. అంతవరకు కంచె మాట కిందివాళ్లకే వినిపించేది. ర్యాఫ్ట్ ఆ కంచెను దాటుతూ కంచె ఎలా వినిపిస్తుందో పైనుంచి విన్నది. సరిహద్దు కాపలావాడి గొంతు ఎంత దూరం వినిపిస్తుందో తెలుసుకోవడానికి సొంత మనిషినే అటువైపు నడిపించినట్టు!

ఆ కంచెను 2013లో ఆపేశారు. ర్యాఫ్ట్ మాటలు దించింది మాత్రం మన హ్యామ్‌లు ఇప్పటికీ అంతరిక్ష కేంద్రం కోసం ట్యూన్ చేసే 145.825 మెగాహెర్ట్జ్ మీదే. భైరవుడు గారూ, రహస్యం దాచాలనుకున్నవాడు దాన్ని ప్రపంచంలోని హ్యామ్‌లందరికీ తెలిసిన చోట మాట్లాడించడు కదా.

అనుమానాలభైరవుడు:
రామం మాస్టారూ, మీ మాటకు ఎదురు చెప్పను. కానీ ర్యాఫ్ట్ విన్నది సైన్యం వారి నిఘా కంచెనే కదా. విద్యార్థులు కట్టినంత మాత్రాన పని మారిపోదు. పైగా అదే నౌకలో మెప్సీ అనే ఇంకొకటి ఉంది. దాని పేరులోనే ఇన్‌స్పెక్టర్ అని ఉంది, అంటే తనిఖీ చేసేది. తన ఉపగ్రహం దగ్గరికి వెళ్లి ఫొటో తీయగలిగింది, ఎదుటివాడి ఉపగ్రహం దగ్గరికి వెళ్లలేదా?

కక్ష్యాబాటసారి:
ఇక్కడ భైరవుడు గారి మాటలో పస ఉంది, ఒప్పుకోవాలి. మెప్సీ మొదటి జంట బయటికి వచ్చింది 2002 డిసెంబరు 2న, ఎండెవర్ నుంచి. ఒక్కొక్కటి 4 అంగుళాలు, 4 అంగుళాలు, 5 అంగుళాలు. రెండిటినీ కలుపుతూ 15 మీటర్ల తాడు, తాడు ఉంటే కింది రాడార్లకు సులువుగా దొరుకుతాయని. డార్పా (అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ), వైమానిక దళ పరిశోధనశాల డబ్బు, ఏరోస్పేస్ కార్పొరేషన్ చేతిపని. పెద్ద ఉపగ్రహం కడుపులో చిన్న తనిఖీదారును దాచి ఉంచాలి, ఏదైనా దెబ్బ తగిలిందనిపిస్తే దాన్ని బయటికి తీసి చుట్టూ తిప్పి చూడాలి అన్నది దాని వెనుక ఆలోచన. మొదటి జంట ఆ దారిలో తొలి అడుగు మాత్రమే.

తేదీ మరోసారి చూడండి. ఆ తర్వాత రెండు నెలలకు, 2003 ఫిబ్రవరి 1న, కొలంబియా కూలిపోయింది. కల్పనా చావ్లా అందులోనే ఉన్నారు. బయల్దేరేటప్పుడే ఎడమ రెక్కకు నురుగు ముక్క తగిలింది. పైన ఉన్నన్ని రోజులూ ఆ రెక్కను ఎవరూ చూడలేదు. రక్షణ శాఖ కెమెరాలతో ఫొటోలు తీయించాలని కొందరు ఇంజినీర్లు కోరినా, ఆ కోరిక ముందుకు సాగలేదు. అందుకే తనిఖీ ఉపగ్రహం అనగానే నాకు ముందు తోచేది ఎదుటివాడి ఉపగ్రహం కాదు.

జడత్వం:
కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మీరందరూ పెట్టెల చుట్టూ తిరుగుతున్నారు, నాకు ఇష్టమైనవి గోళాలు.

2009 జూలై 30న ఎండెవర్ రెండు గోళాలను వదిలింది, క్యాస్టర్, పోలక్స్. నౌకాదళ పరిశోధనశాల వారివి. రెండిటి వ్యాసం ఒకటే, 19 అంగుళాలు. బరువు మాత్రం వేరు: క్యాస్టర్ 50 కిలోల దరిదాపు, పోలక్స్ అందులో సగం. ఇంత సులువైన ప్రయోగం పాఠ్యపుస్తకంలో కూడా దొరకదు. రెండిటికీ తగిలే గాలి ఒకటే, కాని ఆ తోపుకు తేలిక గోళం ఎక్కువ లొంగుతుంది. రెండూ ఒకదానికొకటి ఎంత దూరం జరిగాయో కొలిస్తే, ఆ ఎత్తులో గాలి ఎంత చిక్కగా ఉందో తేలుతుంది. గోళం కాబట్టి ఎటు తిరిగినా గాలికి ఎదురయ్యే వైశాల్యం మారదు. పైన అద్దాలు బిగించారు, నేల నుంచి లేజర్ కొట్టి దూరం కొలవడానికి.

మా విద్యార్థులను ఇక్కడ ఎప్పుడూ ఒక ప్రశ్న అడుగుతాను: కొన్నాళ్ల తర్వాత ఏ గోళం ముందుంటుంది? గాలి ఎక్కువ ఆపేది తేలికదాన్నే కాబట్టి అది వెనకబడుతుంది అంటారు అందరూ. నిజానికి పోలక్సే ముందుకు వెళ్తుంది. గాలి శక్తిని లాగేసుకుంటే కక్ష్య కిందికి దిగుతుంది. కింది కక్ష్యలో వేగం ఎక్కువ, చుట్టాల్సిన దూరం తక్కువ. ఆపుతున్నకొద్దీ పరుగెత్తుతుందన్నమాట. చివరికి పోలక్స్ 2010 మార్చిలో, క్యాస్టర్ ఆగస్టులో వాతావరణంలోకి వచ్చేశాయి.

సైన్యానికి దీనితో ఏం పని అంటారా? కక్ష్యలో ఉన్న వేల వస్తువులు రేపు ఎక్కడ ఉంటాయో చెప్పాలంటే పైగాలి లెక్క కావాలి. సూర్యుడు రేగితే ఆ గాలి ఉబ్బుతుంది, మన అంచనా కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది. దారి తప్పిన ఉపగ్రహం ఎక్కడుందో వెతకాల్సింది వాళ్లే.

బుల్లిరాకెట్:
నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని. అందరూ ఏం పరీక్షించారో చెప్పారు, బాటసారి గారి అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. షటిల్ ప్రయాణం ఒక్కదానికి 45 కోట్ల డాలర్లని నాసా చెప్పేది. అంత ఖరీదైన వాహనమే ఎందుకు?

సౌరలేఖ:
నీ లెక్కలో చిన్న మెలిక ఉంది తమ్ముడూ. ఆ డబ్బు పెట్టెను వదలడానికి ఖర్చు చేసింది కాదు. అట్లాంటిస్ ఎలాగూ అంతరిక్ష కేంద్రానికి సరుకులు మోసుకెళ్తోంది, రఫాయెల్లో అనే పెద్ద డబ్బా నిండా. గోడ పక్కన కాస్త చోటు మిగిలింది. రాకెట్ ఎక్కాలంటే ప్రధాన ఉపగ్రహం వాళ్ల ఒప్పుదల కావాలి, వాళ్ల కక్ష్యే కావాలి, వాళ్లకు ఆలస్యమైతే మనకూ ఆలస్యమే. ఇక్కడ మిగిలిన చోటును స్పేస్ టెస్ట్ ప్రోగ్రాం వాళ్లు వాడుకున్నారు. ఆ కార్యక్రమం పనే అది.

కక్ష్యాబాటసారి:
చోటు మిగలడం ఒక్కటే కారణమైతే నాకు ఇంత కుతూహలం ఉండేది కాదు. ఇంకొకటి ఉంది, గ్లోమర్ కథ తెలిస్తే అర్థమవుతుంది.

గ్లోమర్ డార్పా వారి సందేశ ఉపగ్రహం, ఎన్నో ముఖాలున్న బంతి. 1985 ఏప్రిల్ చివర్లో చాలెంజర్‌లో పైకి వెళ్లింది. సరకు గదిలోని గుండ్రటి డబ్బాలోంచి బయటికి రావాలి. రాలేదు. రాకెట్‌లో ఇలా జరిగితే అక్కడితో సరి, ఉపగ్రహం పోయినట్టే. కానీ షటిల్ ఇంటికి వస్తుంది కదా! గ్లోమర్ కూడా డబ్బాతో సహా తిరిగి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు చివర్లో అదే చాలెంజర్ మీద మళ్లీ వెళ్లి, ఈసారి సరిగ్గా బయటపడింది. పరీక్షల దశలో ఉన్న వస్తువుకు తిరిగొచ్చే వాహనం కన్నా కావాల్సింది ఏముంది?

జడత్వం:
ఆ సౌకర్యానికి చెల్లించే ధర మరో రకం. మనుషులున్న వాహనంలో ఏదైనా పెట్టాలంటే ప్రాణాంతకమయ్యే ప్రతి ప్రమాదానికి మూడు వేర్వేరు అడ్డంకులు ఉండాలి. రెండు విఫలమైనా మూడోది ఆపాలి. పీఎస్‌ఎస్‌సీ-2లో ఘన ఇంధనం ఉంది. సరకు గదిలో అది అంటుకుంటే ఆర్పే దారి లేదు. అందుకే ఇలాంటి పెట్టెలు కట్టేవాళ్లకు ఉపగ్రహం కట్టడం కన్నా అది సురక్షితమని నిరూపించే కాగితాల పనే పెద్ద తలనొప్పి. వదిలే సమయం కూడా దీనికి లోబడే ఉంటుంది. కేంద్రానికి అతుక్కుని ఉండగా కాదు, విడివడి దూరం జరిగాకే. వదిలిన వస్తువు కొన్ని ప్రదక్షిణల తర్వాత కేంద్రం దారిలోకి రాకూడదు.

రేడియోరామం:
ఆ కాగితాల పనికి పరాకాష్ఠ స్పిన్‌శాట్. షటిళ్లు ఆగిపోయాక కూడా నౌకాదళ పరిశోధనశాల మానలేదు. 57 కిలోల గోళాన్ని 2014 సెప్టెంబరులో స్పేస్‌ఎక్స్ సరకు నౌకలో అంతరిక్ష కేంద్రానికి పంపారు. నవంబరు 28న జపాన్ కీబో గది తలుపు గుండా బయటికి పంపి, మరచేతితో వదిలారు. అంటే రెండు నెలలు అది మనుషుల మధ్యే ఉంది. లోపల చిన్న థ్రస్టర్లు, అంటే గోళాన్ని నెట్టే బుల్లి మోటార్లు, డజన్ల కొద్దీ ఉన్నాయి. ఒప్పుకోవడానికి కారణం ఆ ఇంధనం స్వభావం: మంట పెడితే అంటుకోదు, కరెంటు పారితేనే మండుతుంది, కరెంటు ఆపితే ఆగిపోతుంది.

అనుమానాలభైరవుడు:
మాస్టారూ, ఇది మాత్రం నాకు కొత్త. సరే, అమెరికా సంగతి పక్కన పెడదాం. 2008 సెప్టెంబరులో చైనా షెన్‌జౌ-7 నుంచి 40 కిలోల ఉపగ్రహం ఒకటి వదిలింది, జాయ్ జిగాంగ్ అంతరిక్షంలో నడిచిన రోజే. అది కెమెరాతో తన నౌకనే ఫొటోలు తీసింది. ఆ నౌక అంతరిక్ష కేంద్రానికి 45 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లిందని పాశ్చాత్య విశ్లేషకులు కొందరు గగ్గోలు పెట్టారు, ఉపగ్రహాలను దెబ్బతీసే సాధన అని. చైనా చేస్తే ఆయుధం, అమెరికా చేస్తే పరిశోధనా?

కక్ష్యాబాటసారి:
రెండూ పరిశోధనే, రెండూ అవసరమైతే ఇంకొకటి అవగలవు. ఆ గగ్గోలును అమెరికాలోనే చాలామంది నిపుణులు కొట్టిపారేశారు. కక్ష్యల లెక్క చూస్తే అది యాదృచ్ఛికమే అన్నారు. మీ ప్రశ్న న్యాయమైనదే. ఈ రంగంలో ఒకే కెమెరా, ఒకే మోటారు రెండు పనులకూ పనికొస్తాయి. పరికరం చూసి ఉద్దేశం చెప్పలేం.

నిర్వాహకుడు:
2019లో మన మైక్రోశాట్-ఆర్‌ను క్షిపణితో కూల్చిన విషయం మీద ఇక్కడ మొదలైన వాదనను వేరే చర్చకు మార్చాను. అది శ్రీహరికోట నుంచి మామూలు రాకెట్ మీద వెళ్లింది, ఇక్కడి విషయానికి సంబంధం లేదు. ఇక్కడ మనుషులున్న నౌకల మాటే కొనసాగించండి.

బుల్లిరాకెట్:
ఒక చిన్న సంగతి. పీఎస్‌ఎస్‌సీ-2 బయటికి వచ్చాక వెనక్కి తిరిగి అట్లాంటిస్‌ను ఫొటో తీసిందట. కక్ష్యలో షటిల్‌కు తీసిన ఆఖరి ఫొటో అదేనని చదివాను. నిజమేనా?

జడత్వం:
ఫొటో నిజం. ఆఖరిదా అన్నదాని మీద పేచీ పెట్టుకోవచ్చు. మరునాడు అట్లాంటిస్ వాతావరణంలోకి దిగుతూ వెలిగే గీతలా కనిపించడాన్ని అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు కూడా ఫొటో తీశారు. అప్పటికే నౌక కక్ష్య వదిలేసింది కాబట్టి, కక్ష్యలో ఉండగా అన్న మాట వాడితే పెట్టె ఫొటోదే గెలుపు.

బుల్లిరాకెట్:
మరి ఇప్పుడు గ్లోమర్‌లా ఇరుక్కుపోతే ఇంటికి తెచ్చుకునే వీలు సైన్యానికి లేదా?

సౌరలేఖ:
ఉంది, కాని లోపల మనుషులు లేరు. ఎక్స్-37బీ అనే చిన్న రెక్కల నౌక, షటిల్‌కు బుల్లి తమ్ముడిలా ఉంటుంది. షటిళ్లు ఇంకా ఎగురుతుండగానే, 2010 ఏప్రిల్‌లో మొదటిసారి వెళ్లింది. తనంతట తానే రన్‌వే మీద దిగుతుంది, కక్ష్యలో నెలలు కాదు, ఏళ్లు ఉండగలదు. 2020 మేలో ఆరో ప్రయాణంలో అది వైమానిక దళ అకాడమీ వారి ఫాల్కన్‌శాట్-8ను వదిలింది. లోపల ఎవరూ ఊపిరి పీల్చడం లేదు కాబట్టి జడత్వం గారు చెప్పిన మూడు అడ్డంకుల నియమం అంత గట్టిగా పట్టుకోదు. బాటసారి గారి ప్రశ్నకు నా జవాబు ఇది: సైన్యానికి కావాల్సింది తిరిగొచ్చే నౌక. ఆ రోజుల్లో తిరిగొచ్చే నౌకలో మనుషులు తప్పనిసరి, అందుకే పెట్టెలు వాళ్లతో వెళ్లాయి.

అనుమానాలభైరవుడు:
ఎక్స్-37బీ ఏం చేస్తుందో ఎవరూ చెప్పరు. దాని మీద కొత్త చర్చ నేనే మొదలుపెడతాను. రామం మాస్టారూ, మీరు తప్పకుండా రావాలి.

రేడియోరామం:
వస్తాను. దాన్ని కంటితో చూసి పట్టుకున్న ఔత్సాహిక పరిశీలకులు ఉన్నారు, అక్కడి నుంచి మొదలుపెట్టండి.